పదకొండుకు బదులు నాలుగు

ఓడల డిజైన్ సాఫ్ట్‌వేర్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ కాలంలో కంప్యూటర్ లేకుండా ఓడ ఎట్ల కట్టేటోళ్లు?" అని అడుగుతారు. నేల మీద పాకుతూ గీసేవాళ్లం అంటే కళ్లు ఇంతింత చేసుకుని వింటారు, కాఫీ తాగి వెళ్లిపోతారు. వాళ్లకు నేను చెప్పని సంగతి ఒకటుంది. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు లెక్క తెలియక చేసింది కాదు. బాగా తెలిసి, కడుపు మంటతో చేసింది. ఎవరి మీద కడుపు మంట? నా కూతురి వయసున్న పిల్ల మీద. నవ్వుకోండి, ఫర్వాలేదు. నవ్వుకున్నాకైనా మొత్తం వినండి.

పద్దెనిమిదేళ్లకు సముద్రం ఒడ్డున ఒక ఓడల యార్డులో చేరాను. నన్ను వేసిన విభాగాన్ని లాఫ్ట్ అనేవారు. లాఫ్ట్ అంటే ఒక పేద్ద హాలు, దానికి నల్లరంగు పూసిన చెక్క నేల. డిజైన్ ఆఫీసు నుంచి ఓడ బొమ్మ చిన్న కాగితం మీద, పక్కన అంకెల పట్టికతో వచ్చేది. దాన్ని మేము ఆ నేల మీద, ఓడ ఎంతుంటుందో అంత సైజులో సుద్దతో గీయాలి. వంపులు గీయడానికి పొడుగాటి సన్నని చెక్క బద్దలు, అవి కదలకుండా పైన సీసపు దిమ్మలు. బద్ద వంచి నిలబెట్టాక నేల మీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి దాని వెంట చూడాలి. వెంట్రుకవాసి గుంట ఉన్నా, మిట్ట ఉన్నా కంటికి తగలాలి. తగలనివాడు లాఫ్ట్‌కి పనికిరాడు. నాకు తగిలేది. ఆ ఒక్క సంగతి మీదే ముప్పై ఏళ్లు తలెత్తుకు తిరిగాను.

నేను చేరిన కొన్నాళ్లకే కంప్యూటర్ వచ్చింది. మొదట్లో అది అట్టముక్కలకు బెజ్జాలు కొట్టి అంకెలు మింగించే యంత్రం. దానికి బొమ్మ తెలియదు. మా అంకెల పట్టికను అది సరిచూసి కాగితం కక్కేది, మేము ఆ కాగితాన్ని మళ్లీ బద్దతో సరిచూసి దాని తప్పులకు నవ్వుకునేవాళ్లం. తర్వాత కలం పట్టుకుని పదోవంతు సైజులో తనంతట తనే గీసే బల్ల వచ్చింది. నవ్వు కాస్త తగ్గింది. ఆ తర్వాత తెర వచ్చింది, తెర మీద ఓడ ఒళ్లంతా తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్ వచ్చింది, చివరికి ఇనుప ప్లేటును ఎక్కడ కోయాలో కోత యంత్రానికి తనే చెప్పే రోజు వచ్చింది. ప్రతిసారీ "ఇది మన పని చెయ్యలేదులే" అనుకున్నాం. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి మా నల్ల నేల మీద పైపులు పేర్చి ఉన్నాయి.

యంత్రానికి తెలియనిది ఒక్కటే మిగిలింది. మార్జిన్. ప్లేట్లను అతికేటప్పుడు వెల్డింగ్ వేడికి ఇనుము ముడుచుకుంటుంది. అందుకని కొలత కంటే కాస్త పెద్దగా కోయాలి. ఎంత పెద్దగా? ప్లేటు మందం, వంపు, అది ఓడలో ఎక్కడ కూర్చుంటుందన్నదాన్ని బట్టి ఆరు మిల్లీమీటర్లు కావచ్చు, పదకొండు కావచ్చు. ఎక్కువైతే అంచు కోసి సరిచేయొచ్చు, తక్కువైతే ప్లేటు తుక్కులోకే. ఆ అంకెలు ఏ పుస్తకంలోనూ అచ్చవ్వలేదు. లాఫ్ట్‌లో పెద్దవాళ్లు తలా ఒక చేతిపుస్తకంలో రాసుకుని, భార్యకు కూడా చూపించకుండా దాచేవాళ్లు. మా పెద్ద మేస్త్రి నాకు గురువు. ఆయన దయతలచినప్పుడల్లా ఒక పేజీ చదివేవాడు, నేను రాసుకునేవాణ్ని. అలా పదిహేనేళ్లకు నాకూ ఒక పుస్తకం తయారైంది.

యార్డు నుంచి ముందే రిటైర్మెంట్ తీసుకుని హైదరాబాద్ వచ్చాను. సైదాబాద్‌లో మా బావమరిది ఇంటి పక్కనే ఒక కిరాయి ఇల్లు దొరికింది. మా యార్డులో డిజైన్ ఇంజినీరుగా చేసిన ఒకాయన ఎల్బీనగర్‌లో, టైర్ల షాపు పై అంతస్తులో ఓడల డిజైన్ కంపెనీ పెట్టాడు. పెద్ద ఓడలను లాగే టగ్గులు, సరుకు మోసే బార్జీలు, చేపల బోట్లు కట్టే చిన్న యార్డులకు సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేర్‌తో ప్లేట్ల కోత ఫైళ్లు పంపడం పని. నన్ను చెకింగ్‌కి పిలిచాడు.

"సముద్రం లేని ఊళ్లో ఓడలేంటండీ, ఎవరన్నా వింటే నవ్వుతారు" అంది మా ఆవిడ.

నవ్వారు కూడా. అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. వారంలో ఆరు రోజులూ ఆఫీసు నడిస్తే విశేషమే. మాలో సగంమంది కోస్తావాళ్లం, సగంమంది నల్గొండ వైపువాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. టీ దగ్గర రోజూ రగడే. "మీ సముద్రం మీరు తీస్కపోండ్రి సార్, మాకొద్దు. ఓడలైతే ఈడనే చేస్తం" అని ఒక కుర్రాడు అంటే అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. అలా నవ్విన వాళ్లమే మర్నాడు మొహాలు తిప్పుకుని కూర్చున్న రోజులూ ఉన్నాయి.

ఆ అమ్మాయి అప్పుడు చేరింది. నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చిన కుటుంబం, పెద్ద అంబర్‌పేట్‌లో ఉండేవాళ్లు. తండ్రి నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు, తల్లి జాకెట్లు కుట్టేది. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, చైతన్యపురిలో ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని వచ్చింది. సముద్రం చూడలేదు. ఓడను సినిమాలో చూసిందట.

'పాపం' అనుకున్నాను. రెండు నెలలే అనుకోగలిగాను.

ఓడ ముక్కు దగ్గర ప్లేట్లు రెండు వైపులా వంగి ఉంటాయి. అలాంటి దాన్ని కోయాలంటే ముందు సాపుగా పరిచి చూపించాలి. మా సాఫ్ట్‌వేర్ అక్కడే తడబడేది. ఆ ప్లేట్లు వచ్చినప్పుడల్లా అందరూ నా బల్ల దగ్గరికి రావాల్సిందే, నేను కాగితం మీద చేతితో చేసి ఇవ్వాల్సిందే. ఒకరోజు ఈ పిల్ల వాళ్లమ్మ జాకెట్లు కత్తిరించే కాగితాలు సంచిలో తెచ్చి నా ముందు పరిచింది.

"సార్, సంక కాడ బట్ట ఒంపు తిరుగుతది గదా. మా అమ్మ దాన్ని సాపుగనే కత్తిరిస్తది. గీ ప్లేటు గూడ గట్లనే గదా?"

"ఇనుమూ గుడ్డా ఒకటేనా అమ్మాయ్? ఇది ఓడ. జాకెట్టు కాదు" అన్నాను. పక్కబల్లల వాళ్లు నవ్వారు. ఆమె ఏమీ అనుకోకుండా కాగితాలు మడిచి లోపల పెట్టుకుంది.

మూడు వారాలకు ప్లేటును చిన్నచిన్న త్రికోణాలుగా చేసి, ఒక్కోదాన్ని పరుచుకుంటూ పోయే పద్ధతి రాసింది. పాత ఓడల ప్లేట్లతో పోల్చి చూస్తే తేడా ఒక మిల్లీమీటరు లోపే. మా యజమాని అందరినీ పిలిచి తెర మీద చూపించాడు. "మాస్టారూ, చూశారా! మన లాఫ్ట్‌లో ఈ చూపు రావడానికి పదేళ్లు పట్టేది కదూ?" అన్నాడు.

"పట్టేది" అన్నాను.

ఆ రోజు ఇంట్లో కంచం ముందు కూర్చుంటే మా ఆవిడ "ఏంటి, మొహం అలా మాడ్చుకున్నారు?" అంది. కూరలో ఉప్పెక్కువైందన్నాను. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది.

ఇక మిగిలింది మార్జిన్. అది నా పుస్తకంలో ఉంది, పుస్తకం నా సంచిలో ఉంది. ఆమె మొదటి వారంలోనే అడిగింది, "సార్, గా పుస్తకం ఇస్తే అన్ని అంకెలు సాఫ్ట్‌వేర్‌ల ఎక్కిస్త. మీకు తకలీఫ్ ఉండది" అని. ఇంట్లో ఎక్కడో ఉంది, వెతకాలన్నాను. నెలకోసారి గుర్తుచేసేది, నేను వెతుకుతూనే ఉన్నాననేవాణ్ని. ఈలోగా ప్రతి ప్లేటుకూ ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి "ఎంత సార్?" అని నిలబడాలి. నేను కళ్లద్దాలు సర్దుకుని, కాసేపు పైకప్పు చూసి, "ఏడు" అనేవాణ్ని. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు నాకు చాలా హాయిగా ఉండేది.

ఒకరోజు వచ్చి "ఎంత సార్?" అనలేదు. "సార్, దీనికి తొమ్మిది అంటరు గదా?" అంది.

తొమ్మిదే. "నీకెలా తెలుసు?" అన్నాను.

"మీరు ఇన్నొద్దులు చెప్పినయన్నీ ఎక్సెల్‌ల రాసుకున్న సార్. మందం, ఒంపు, జాగ, అన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఫార్ములా పడ్డది. నిన్నటి నాలుగు ప్లేట్లకు ముందే లెక్క చేసి పెట్టుకుని, మిమ్మల్ని అడిగిన. నాలుగు సరిపోయినయి." మొహం వెలిగిపోతోంది. నేను మెచ్చుకుంటానని నిలబడింది.

పుస్తకం ఇవ్వకుండా ఏడాది పాటు కాపాడుకున్నాను. ఈ పిల్ల నా నోట్లోంచి ఒక్కొక్క అంకే ఏరుకుని, నా ముందే దాన్ని మళ్లీ తయారుచేసుకుంది. ఒళ్లు మండిపోయింది. "అన్నిటికీ ఫార్ములాలు పనిచేయవు" అని మాత్రం అన్నాను.

ఆ వారంలోనే ఒక టగ్గు పని చివరికొచ్చింది. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త ఓడ ముక్కు ప్లేట్లు మొదటిసారి అమర్చే రోజున మా ఆఫీసు నుంచి ఒకరు యార్డుకు వెళ్లి దగ్గరుండి చూడాలి. అయిదేళ్లుగా ఆ ఒకరు నేనే. ఈసారి యజమాని తను ముందుగా యార్డుకు బయల్దేరుతూ, "మాస్టారూ, ఈసారి అమ్మాయిని పంపుదాం. పని ఆమెదే కదా. సముద్రం కూడా చూసినట్టుంటుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ సాయంత్రం నాలుగు గంటలకు ఆమె ముక్కు ప్లేట్ల కాగితాలు పట్టుకుని వచ్చింది. మర్నాటి నుంచి రెండు రోజులు బంద్. అందరూ బస్సులు దొరకవని తొందరలో ఉన్నారు.

"సార్, గీ ఆరు ప్లేట్లకు ఫార్ములా పదకొండు చెప్తున్నది. మీరేమంటరు?"

పదకొండే. నిద్రలో లేపి అడిగినా పదకొండే చెప్తాను. "నాలుగు" అన్నాను.

ఆమె తెల్లబోయింది. "నాలుగా? గంత తక్కువనా సార్?"

"ముక్కు దగ్గర ఇనుము అంతగా లాగదమ్మా. అది ఫార్ములాకేం తెలుసు? అనుభవం మీద తెలియాల్సిన సంగతి."

బంద్ అయ్యాక అందరి ముందూ ఆ కాగితం ఎత్తి, "చూశారా, నాలుగంటే నాలుగే వేసింది. ఆలోచించలేదు. ఫార్ములా రాసినంత మాత్రాన పని వచ్చినట్టేనా" అని నవ్వి, పదకొండు దిద్దుదామని నా పథకం. చిన్నపిల్లల పథకమే. అరవై ఏళ్లు దగ్గరపడుతున్నవాడికి అంతకంటే మంచిది తట్టలేదు.

ఆమె కాసేపు కాగితం చూసి, "సరే సార్. ఫార్ములా ఏం జూసింది, ఓడలు జూసింది మీరు" అని నాలుగు రాసుకుని వెళ్లిపోయింది.

రాత్రి అన్నం తింటుంటే ఆమె ఫోన్. "సార్, రెండొద్దులు బంద్ గదా అని ఫైల్ యార్డుకు పంపే వచ్చిన. ఇగ పరేషాన్ లేదు."

బంద్ ఇక్కడ. ప్లేట్లు కోసే యంత్రం అక్కడ, సముద్రం ఒడ్డున. దానికి బంద్ లేదు.

అప్పుడే ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. మొదటి రోజంతా ఇంట్లో ఫోన్ చేతిలోకి తీసుకోవడం, కింద పెట్టడం. మధ్యమధ్యలో, ఇప్పటికీ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, 'పోనీ కోయనీ, ఫార్ములా పేరు చెడుతుంది' అని కూడా అనిపించింది. రెండో రోజు పొద్దునకి ఇంకా మంచి ఆలోచన వచ్చింది. నా దగ్గరున్న తాళంచెవితో ఆఫీసు తీసి, ఫైల్ తెరిచి, అక్కడి నుంచి యార్డుకు ఫోన్ చేసి, "అమ్మాయి నాలుగు వేసేసింది, నా కంట పడింది కాబట్టి సరిపోయింది, కోత ఆపండి" అంటే? ప్లేట్లు దక్కుతాయి, పేరూ నాకే దక్కుతుంది. యార్డుకు కూడా నన్నే పంపుతారు. చెప్పులేసుకుని బయల్దేరాను.

సైదాబాద్ నుంచి ఎల్బీనగర్ దాకా నడకే. దిల్‌సుఖ్‌నగర్‌లో రోజూ కాలు పెట్టడానికి చోటుండని రోడ్డు మీద కుక్కలు పడుకుని ఉన్నాయి. చైతన్యపురిలో హాస్టల్ కుర్రాళ్లు మెయిన్ రోడ్డు మధ్యలో ఇటుకలు పెట్టి క్రికెట్ ఆడుతున్నారు. కొత్తపేట పండ్ల మార్కెట్ గేటు మూసేసి ఉంది, లోపల అమ్ముడుపోని బత్తాయిలు మగ్గుతున్న వాసన. ఎల్బీనగర్ చౌరస్తాకి చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

చౌరస్తా మధ్యలో వంటావార్పు నడుస్తోంది. విజయవాడ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పెద్ద గంజులు, డప్పులు, పాటలు. రోడ్డు మీదే బంతులు బంతులుగా కూర్చుని తింటున్నారు. పక్కనుంచి తప్పించుకు పోదామనుకుంటే ఒక భారీ మనిషి ఎదురొచ్చాడు.

"పెద్దాయనా, ఏడికి? మీదే ఊరు?"

నోరు తెరిస్తే నా యాస తెలిసిపోతుంది. ఆఫీసు వైపు చెయ్యి చూపించాను.

"అన్నా, మా సారు!" వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు. తలకు చున్నీ చుట్టుకుని, చేతిలో పప్పుచారు గరిటెతో వస్తోంది. వాళ్లమ్మతో, బస్తీ ఆడవాళ్లతో డీసీఎం లారీలో వచ్చిందట. "నాకు పని నేర్పిన సారు అన్నా. గీయన లేకుంటే నాకు ఓడంటే ఏందో గూడ తెల్వకపోవు."

ఆ మనిషి గొంతు మారిపోయింది. "గట్లనా! రా సార్, ఎండల పడి వచ్చినట్టున్నవ్. ఈడ నీడకు కూసో. ఏయ్, సారుకు ఇస్తారెయ్యుండ్రి!"

విస్తరి వేశారు. అన్నం పెట్టారు. ఆ అమ్మాయి పప్పుచారు పోసింది. పని నేర్పిన సారు అన్న మాట చెవిలోంచి పోలేదు.

"అమ్మాయ్, ఆ నాలుగు అబద్ధం" అన్నాను. "పదకొండే."

డప్పుల చప్పుడులో వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది. గరిటె గంజులో పెట్టి నా పక్కన కూర్చుంది.

"మీరు మర్చిపోయి చెప్పిండ్రా సార్?"

"లేదు. తెలిసే చెప్పాను."

"ఎందుకు సార్?"

"నీ ఫార్ములా తప్పని చూపిద్దామని."

"తప్పా?"

"కాదు. ఒప్పే."

నా మొహంలోకి చూసింది. తిడితే బాగుండేది. లేచి ఫోన్ తీసి యజమానికి కలిపింది. "సార్, ముక్కు ప్లేట్ల కోత ఆపియ్యండ్రి. మార్జిన్ తప్పు పడ్డది." అటునుంచి అరుపు నాకూ వినిపిస్తోంది. ఎవరు చేశారని అడుగుతున్నట్టున్నాడు. ఆమె నా వైపు చూడలేదు. "నాదే సార్ తప్పు. పదకొండు కొట్టేకాడ నాలుగు కొట్టిన."

ఫోన్ ఇటివ్వమని చెయ్యి చాపబోయాను. ఆ చేత్తోనే అన్నం కలుపుకున్నాను.

"రెండు కోసేసిండ్రంట. నాలుగు ఆగినయి" అని ఫోన్ లోపల పెట్టుకుంది. గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుని, "రేపు పుస్తకం తేండ్రి సార్" అంది.

"ఏ పుస్తకం?"

"మీ సంచిలదే. ఇంట్ల ఉన్నదంటరు గని రోజు సంచిల తెస్తరు. నాకెర్కనే."

తల కొట్టేసినట్టయింది. మర్నాడు పుస్తకం ఆమె బల్ల మీద పెట్టి, తప్పు తన మీద ఎందుకు వేసుకుందో అడిగాను.

"ఆడ గంతమంది మధ్యల నిజం చెప్తే ఏమైతుండె సార్? ఆంధ్రాయన మా పిల్లను మోసం జేసిండని అందురు. మీరు ఇంటికి మంచిగ పోయేటోళ్లేనా? ఆఫీసుల సగం మంది అటు, సగం మంది ఇటు అయితుండ్రి, పని పండుకుంటుండె." పుస్తకం మీద చెయ్యి వేసింది. "ఇంగోటి, ఇది గూడ కావాలె నాకు."

యజమాని తిరిగొచ్చి అందరి ముందూ ఆమెను కడిగేశాడు. యార్డుకు ఆమె ప్రయాణం రద్దయింది. "మాస్టారూ, మీరే వెళ్లండి. మీరుంటే నాకు ధైర్యం" అన్నాడు. నేను చెప్పొచ్చు. గది చిన్నది, నా గొంతు పెద్దది. చెప్పలేదు. వెళ్లాను. కొత్తగా కోసిన ప్లేట్లు పదకొండు మార్జిన్‌తో టగ్గు ముక్కుకు అతికినట్టు కూర్చున్నాయి. యార్డువాళ్లు నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ ఊపుడు బాగానే ఉందనిపించింది కూడా, ఏం దాచను.

తిరిగొచ్చాక ఆమె ఒక్కటే అడిగింది. "ఎట్ల కూసున్నయి సార్ ప్లేట్లు?"

"బాగా కూర్చున్నాయి."

"సముద్రం?"

"ఉంది" అన్నాను.

తీరిక దొరికినప్పుడల్లా ఆమె నా పుస్తకాన్ని పేజీ పేజీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. మూడు నెలలు పట్టింది. రానురాను నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. పొద్దున వచ్చి పేపరు చదివి, సాయంత్రం సంతకాలు పెట్టి వెళ్లేవాణ్ని. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరు మెచ్చుకున్నా, నా సొమ్ము ఎవరో అనుభవిస్తున్నట్టు లోపల కాలేది.

ఒక మధ్యాహ్నం ఆమె పుస్తకం తెరిచి పట్టుకుని వచ్చింది. "సార్, గీ ఒక్క పేజీ ఉల్టా ఉన్నది. ఓడ వెనక, ఫ్యాను చుట్టూ ఉండే ప్లేట్లు. పెరగాల్సిన కాడ తగ్గుతున్నది, తగ్గాల్సిన కాడ పెరుగుతున్నది."

చూశాను. ఆ ప్లేట్ల పని మా పెద్ద మేస్త్రి ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన రిటైరయ్యాక ఆ భాగాన్ని పోతపోయించి బయట నుంచి తెప్పించేవారు, చిన్న యార్డులదీ అదే దారి, నాకు ఆ పేజీతో పని పడలేదు. "చదివేటప్పుడు పొరబడి ఉంటాడు" అన్నాను.

"పొరపాటు కాదు సార్. కింద నుంచి మీదికి చదువుండ్రి. ఒక్కటి తప్పులేకుండ ఫార్ములాతోని సరిపోతయి."

చదివాను. పధ్నాలుగు అంకెలు. పధ్నాలుగూ సరిపోయాయి. ఆయన తన పుస్తకాన్ని కింది నుంచి పైకి చదివాడు. నేను పై నుంచి కిందికి రాసుకున్నాను. "రాసుకో నాయనా, రాసుకో, జాగ్రత్తగా రాసుకో" అని మధ్యలో ఆగి మరీ చెప్పాడు. అంతకు ముందు వారమే పెద్ద మేనేజరు లాఫ్ట్‌కి వచ్చి, ఆయన ముందే నా భుజం తట్టి వెళ్లాడు. ముప్పై ఏళ్లపాటు ఆయన ఫొటోకి దండం పెట్టుకున్న నాకు ఇప్పుడు తెలిసింది.

ముందు కోపం వచ్చింది. ఆ వెంటనే, ఎందుకు దాచాలి, సంతోషం వచ్చింది. ఆయనంతటి వాడికి నన్ను చూస్తే కడుపు మండిందంటే నేను ఎంత పనిమంతుణ్నయి ఉండాలి! పెదాల మీదికి నవ్వు కూడా వచ్చింది. ఎదురుగా ఆ పిల్ల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. ఆ నవ్వు చూస్తోంది. మేస్త్రి నాకు చేసిందే నేను ఈమెకు చేశానని నాకప్పుడు తట్టి, నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ పేజీ నమ్మి నేను ప్లేట్లు కోయించి ఉంటే మేస్త్రి ఏం చేసేవాడు? ఏం చేస్తాడు, నాలాగే ఆ చేత్తో అన్నం కలుపుకునేవాడు.

లేచి యజమాని గదిలోకి వెళ్లాను. తలుపు వేయలేదు. బయట అందరికీ వినపడేలాగే చెప్పాను. నాలుగు నేను చెప్పిందేనని, తెలిసే చెప్పానని, ఆమె నన్ను నమ్మిందని.

"ఎందుకు మాస్టారూ?" అన్నాడు యజమాని.

"కుళ్లు" అన్నాను. అంతకంటే మర్యాదైన మాట దొరకలేదు.

ఆమెను లోపలికి పిలిచి క్షమాపణ చెప్పాడు. వచ్చే నెల బార్జీ పనికి యార్డుకు ఆమే వెళ్తుందన్నాడు. ఇక మీదట నా సంతకం మీద ఆమె సంతకం ఉండాలన్నాడు. నేను తలూపాను. ఆమె మొహంలో సంతోషం కోసం చూశాను. కనపడలేదు.

"మూడు నెలలు లేటైంది సార్" అంది నాతో. అంతే అంది.

బయటికి వచ్చాక కుర్చీ లాగి తన పక్కన వేసింది. "కూసోండ్రి. గా పేజీ సరిజేసి ఎక్కియ్యాలె. మీరు కింద నుంచి మీదికి చదువుండ్రి, నేను కొడ్త."

కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఈసారి ప్రతి అంకెనూ ఉన్నదున్నట్టే చదివాను. పదమూడు అన్నాను. ఆమె కొట్టలేదు. ఫార్ములా తెరిచి, పదమూడే అని చూసుకుని, అప్పుడు కొట్టింది. పన్నెండు అన్నాను. మళ్లీ ఫార్ములా చూసింది. అలా పధ్నాలుగు అంకెలకూ, ఒక్కదానికి కూడా నా మాట మీద చెయ్యి కదపలేదు.